గడప అవతల లెక్కల మాస్టారు

సింహాచలం మాస్టారు పదో తరగతి గదిలోకి నడిచి వెళ్లిన ఉదయం మా బడి కమిటీ వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చుని ఉంది. ప్రీ ఫైనల్ పరీక్షలకు ముందు కమిటీ పెద్దలు ఏటా వచ్చి పాఠాలు చూస్తారు. వాళ్లంతా మగవాళ్లు కాబట్టి కిటికీల్లోంచి చూస్తారు. హెడ్మిస్ట్రెస్‌గా నేను మాత్రం గదిలో వెనక గోడ దగ్గర కుర్చీలో ఉన్నాను.

నూకరత్నం అనే అమ్మాయి బోర్డు మీద ఒక సమీకరణం సాధిస్తోంది. మాస్టారు ఎప్పటిలాగే గడపకి బయట, చెప్పులు విప్పి, ఒక చెయ్యి గుమ్మానికి ఆనించి నిలబడి ఉన్నారు. బోర్డు అవతలి కొసకి వెళ్లాక ఆ పిల్ల ఒక అంకెను పక్షం మార్చి, గుర్తు మార్చడం మరిచిపోయింది.

"గుర్తు సూడమ్మా," అన్నారు మాస్టారు.

ఆమె చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనబడ్డాయి కాబోలు, పక్కనున్న అంకెను తుడిచి మళ్లీ అదే అంకె వేసింది.

"అంకె కాదమ్మా. గుర్తు."

ఆమె ఈసారి మొత్తం వరసంతా తుడవబోయింది. అప్పుడు మాస్టారు గడప దాటారు. గబగబా నడిచి బోర్డు చివరికి వెళ్లి, ఆమె చేతిలోని సుద్దముక్క తీసుకుని, మైనస్ మీద నిలువుగా ఒక గీత గీసి ప్లస్ చేశారు. చేశాక తరగతి వైపు తిరిగారు. పిల్లలందరూ లేచి నిలబడి ఉన్నారు. తలుపున్న గోడని ఆనుకుని వేసిన బెంచీల వైపు ఆయన చాలాసేపు చూసి, "భారతి ఎవరమ్మా మీలో?" అని అడిగారు. తొమ్మిదో తరగతి నుంచీ, ఏడాదిన్నరగా, ఆ పిల్లకి ఆయనే లెక్కలు చెబుతున్నారు.

వరండాలో కరస్పాండెంట్ జయరాజు గారు ఆయన్ని బయటికి తీసుకురమ్మని కేకేశారు. ఆ మాట విని కమిటీ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తీసుకురావాలంటే ఎవరో ఒకరు లోపలికి వెళ్లాలి. వెళ్లడానికి వాళ్లలో ఒక్కరికీ వీల్లేదు. లోపలే ఉన్న నేను కుర్చీలోంచి లేవలేదు.

నేనూ, ఆ బడీ

బడి ఉద్యోగానికి ముందు నేను విజయనగరంలో ఒక దినపత్రిక డెస్కులో తొమ్మిదేళ్లు పని చేశాను. బస్సు ప్రమాదాలకీ సంత ధరలకీ శీర్షికలు పెట్టడం నా పని. తరవాత బీఈడీ చేసి ఈ బడిలో తెలుగు టీచరుగా చేరాను, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానన్నది ఎవరికీ పనికొచ్చే విషయం కాదు. ఇలాంటి బళ్లలో కొత్తగా చేరే అమ్మాయిలకి పనికొచ్చేది ఒకటే నాకు తెలుసు: ఏం జరిగిందో వరసగా అడగడం. దాని అర్థమేమిటో తరవాత చూసుకోవచ్చు. డెస్కులో ఆ అలవాటు లేకపోతే మర్నాడు సవరణ వేసుకోవాల్సి వచ్చేది.

బడి శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, చర్చి పక్కనే ఉంది. పూర్వం మిషను దొరసాని ఒకామె పెట్టింది. హాస్టలు లేదు. ప్రభుత్వం గ్రాంటు లేదు. పొద్దున్న ఆటోల్లోనూ బస్సుల్లోనూ వచ్చి సాయంత్రం వెళ్లిపోయే ఆడపిల్లలే అందరూ. సగం మంది తీరంలోని చేపల వాళ్ల పిల్లలు. మిగతావాళ్లు ఊళ్లోని బాప్టిస్టు కుటుంబాల పిల్లలు, ఉద్యోగస్తుల పిల్లలు. బడిని నడిపేది చర్చి పెద్దల కమిటీ. రోజువారీ పెత్తనం కరస్పాండెంట్‌ది. పత్రికలో కరస్పాండెంట్ అంటే వార్త పంపేవాడు. మిషను బళ్లలో మనం ఏం చేసినా ఎవరికి చెప్పాలో ఆయన. ఇది అర్థం చేసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది.

నియమం

దొరసాని రాసిపెట్టిన ట్రస్టు పత్రంలో ఒక వాక్యం ఉంది. బాలికలు తరగతిలో కూర్చుని ఉండగా పురుషుడెవ్వడూ ఆ గది గడప దాటరాదు. స్థాపకురాలి దినాన ప్రతి ఏటా దాన్ని పైకి చదువుతారు. అందరం ఆమెన్ అంటాం. చేపల వాళ్ల పిల్లలు అందరికంటే గట్టిగా అంటారు.

ఎందుకు పెట్టిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. మిషను కోశాధికారి ఒకాయన తరగతిలోకి వచ్చి ప్రార్థన మొదలుపెడితే మధ్యాహ్నం గంట కొట్టేదాకా ఆపేవాడు కాదని, ఆయన్ని ఆపడానికే పెట్టిందని ఒక కథ. నాకు నమ్మకంగా తోచేది మరొకటి. ఆ రోజుల్లో ఆడపిల్లని గడప దాటించి బడికి పంపడానికి ఇక్కడి ఇళ్లలో ఎవరూ ఒప్పుకునేవారు కాదు. అక్కడ మగవాడు గడప దాటడని మాటిస్తేనే పంపారు. అలా చూస్తే మా అమ్మమ్మల చేత అక్షరాలు దిద్దించింది ఆ వాక్యమే. నవ్వే ముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోమని చెబుతున్నాను.

నవ్వొచ్చే సంగతులకీ కొదవలేదు. ఫ్యాన్లు ఆదివారం ఆరాధన అయ్యాకే బాగుచేయించేవాళ్లం. వారం మధ్యలో చెడిపోతే ఆదివారం దాకా విసనకర్రలే. తరగతి ఫోటోలు కిటికీ బయట నుంచి తీసేవారు. అందుకే మా పాత ఫోటోల్లో పిల్లలందరూ పక్కకి తిరిగి ఎవరినో అనుమానంగా చూస్తున్నట్టు ఉంటారు. సైకిళ్లు పంచడానికి వచ్చిన నాయకుడు గది చూస్తానని లేచాడు. మైదానంలోనే కూర్చోబెట్టి, వక్తృత్వ పోటీలో గెలిచిన పిల్ల చేత గది ఎలా ఉంటుందో చెప్పించాం.

నేను చేరిన ఏడాది ఏడో తరగతి గదిలోకి పాము వచ్చింది. అప్పటి హెడ్మిస్ట్రెస్ ఎలీషమ్మ గారు నేను చూసిన అధికారుల్లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి. పిల్లల్ని బయటికి పంపి పాములు పట్టేవాడిని పిలిపించింది. అతను వచ్చి గడప ముందు ఆగాడు. ఊరందరికీ ఆ నియమం తెలుసు.

"లోపల ఎవరైనా కూర్చుని ఉన్నారా?" అని ఆమె కిటికీ దగ్గరున్న నన్ను అడిగింది. లేరన్నాను.

"పాము కూకున్నాది తల్లీ," అన్నాడతను.

"అది బాలిక కాదు. వెళ్లు," అంది.

తరవాత స్టాఫ్ రూములో ఆమె నాకు చెప్పింది ఒక్కటే. ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివిన వాళ్లు ఈ ఊళ్లో తక్కువ, భయపెట్టే సగమే అందరికీ నోటికొచ్చు అని.

మాస్టారు దొరికిన విధం

నేను హెడ్మిస్ట్రెస్ అయ్యాక ఒక ఆగస్టు వానల్లో మా లెక్కల టీచరుకి ప్రభుత్వోద్యోగం వచ్చి వెళ్లిపోయింది. తొమ్మిది, పది తరగతులకి లెక్కలు చెప్పే ఆడవాళ్లు దొరకలేదు. ఉన్నవాళ్లు రాజాంలోనో విశాఖపట్నంలోనో పెద్ద పెద్ద కాలేజీలకి పోయారు. ఒకావిడ వచ్చింది. బస్సు టైములు అడిగి వెళ్లిపోయింది.

సింహాచలం గారు పొందూరు మనిషి. రాజాంలో ఒక ట్యుటోరియల్లో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పారు. అది మూతపడింది. ఉతికి ఇస్త్రీ చేసిన పొందూరు ఖద్దరు చొక్కా వేసుకుని, పాసింజరు రైల్లో ఆమదాలవలస దాకా వచ్చి, అక్కడ బస్సెక్కి మా గేటు ముందు దిగారు. లోపలికి రావచ్చా అని అడిగారు. రావచ్చు, వరండా దాకా, అని చెప్పాను.

కమిటీ కూర్చుంది. మగవాణ్ని పెట్టుకుంటే పాఠం ఎక్కడ నుంచి చెబుతాడన్నది సమస్య. ఛైర్మన్ దైవసహాయం గారు రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా రైలు చివరి డబ్బాలో గడిపారు. దేన్నయినా వెనకనుంచి ఒక జెండాతో నడపవచ్చని ఆయన గట్టి నమ్మకం.

"నాను సర్వీసంతా ఇంజను మొహం సూడకుండానే బండి నడిపినాను," అన్నారాయన. "ఈయన గడప అవతలుండి పాఠం సెప్పనేడా?"

సెప్పగలడని తీర్మానమైంది. బోర్డును గుమ్మం పక్కకి జరిపించాం. అప్పుడు చెయ్యి సంగతి వచ్చింది. బోర్డు మీద రాయాలంటే మాస్టారి చెయ్యి గడప లోపలికి వెళ్తుంది. చెయ్యి వెళ్తే మనిషి వెళ్లినట్టా, కాదా? కాఫీ రెండుసార్లు తెప్పించారు. భుజం దాకా అనుమతించవచ్చు, తల మాత్రం బయటే ఉండాలి అని తేల్చారు. అందువల్ల మొదటి వారాల్లో మాస్టారు బోర్డు చూడకుండానే దాని మీద రాసేవారు. ఆయన రాసింది తప్పో ఒప్పో ముందు బెంచీ పిల్లలు కేకేసి చెప్పేవారు. తరవాత వెదురు బద్దకి సుద్ద కట్టుకుని నిటారుగా నిలబడి రాయడం నేర్చుకున్నారు.

కమిటీ పెద్దల గురించి కొత్తవాళ్లకి ఒక మాట. వాళ్లు చెడ్డవాళ్లు కారు. చెడ్డవాళ్లయితే పని సులువుగా ఉండేది. నియమం మంచిదా కాదా అన్నది వాళ్లకి పట్టదు. దాన్ని మార్చింది ఫలానా వాడని తన పేరు చెప్పుకోకూడదన్నదే ప్రతివాడి బెంగ. ఆ బెంగ మీద వాళ్లు పెట్టే తెలివి చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

కానుక సంచి

పిల్లలు సందేహాలు అడగాలి. గోడ వార కూర్చున్న వాళ్ల గొంతు వానలో వినబడదు. చర్చిలో కానుకలు పట్టడానికి పళ్లేలు వచ్చాక, పాత కానుక సంచి మూలపడి ఉంది. పొడుగాటి కర్రకి కుట్టిన మఖ్మలు సంచి అది. వరసలో ప్రతి ఒక్కరి ముందుకీ చాచి కానుకలు పట్టేవారు. మాస్టారు పాస్టరు గారిని అడిగి దాన్ని తెచ్చుకున్నారు. గడప బయట నుంచి కర్ర చాచితే సంచి గోడ వార బెంచీ దాకా వెళ్లేది. పిల్లలు సందేహాలు చీటీల మీద రాసి అందులో వేయాలి. మొదటి రోజు బాప్టిస్టు పిల్లలు అలవాటుకొద్దీ కళ్లు మూసుకుని చిల్లర వేశారు. మాస్టారు ఆ చిల్లరని పాస్టరు గారికి పంపేసి, పాఠం మళ్లీ మొదలుపెట్టారు.

వాన పడితే గొడుగు వేసుకుని చెప్పేవారు. వరండా పొడవునా వినబడేలా చెప్పేవారు. పక్క గదిలో తొమ్మిదో తరగతి వాళ్లు సాంఘికం పీరియడ్‌లో పదో తరగతి లెక్కలు చేసేవారు. గేటు దగ్గర ఆటోవాళ్లు జవాబు ఎంతొస్తుందని పందేలు కాసుకునేవారు. ఆ ఏడు మా పదో తరగతిలో లెక్కల్లో ఒక్కరూ తప్పలేదు. అది కొత్త. రెండో ఏడు బడిలో చేరే పిల్లలు పెరిగారు. మా బళ్లో మాస్టారు గడప అవతల నుంచి చెబుతాడని తల్లులు గొప్పగా చెప్పుకోవడం విన్నాను.

మాస్టారు మాత్రం ఒకటే అడిగేవారు. లోపలికి రానివ్వమని. తలుపున్న గోడ వెంబడి వేసిన బెంచీలు గడప బయట నుంచి కనబడవు. ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉండగా ఆయన నాతో అన్నారు:

"నాకు మొహాలు తెలుసు మేడం, బయట నడుస్తుంటే చూస్తాను. గొంతులు తెలుసు. ఏ గొంతు ఏ మొహానిదో తెలవదు. అర్థమైందామ్మా అంటే అయ్యింది సార్ అంటారు. గొంతుతో అబద్ధం ఆడీగలరు. మొహం చూస్తే తెలిసిపోతాది."

 ఉపాధ్యాయ శిక్షణలో నేను చదివినదంతా కలిపినా అంతకంటే ఎక్కువ లేదు. కమిటీ ముందు రెండుసార్లు పెట్టాను. ఫలితాలు బాగున్నాయి కదా అన్నారు.

విచారణ

ఆయన గడప దాటిన మర్నాడే కమిటీ చర్చి హాల్లో సమావేశమైంది. జయరాజు గారు కలెక్టరాఫీసులో హెడ్ క్లర్కుగా చేసిన మనిషి. నియమం మీరిన ఉద్యోగిని అదే రోజు తొలగించాలని ట్రస్టు పత్రంలో ఉందని, ఇప్పటికే ఒక రోజు ఆలస్యమైందని చెప్పారు. పబ్లిక్ పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి. మాస్టారిని పంపేస్తే పదో తరగతికి లెక్కలు చెప్పే మనిషి లేడు. ఆయనకి ఆ వయసులో వేరే చోట ఉద్యోగం దొరకదు.

మాస్టారు బయట బోరింగు దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చుని ఉన్నారు. తప్పయిందని ఒక్క మాట చెబితే సర్దుకుంటుందేమోనని ఆయన దగ్గరికి వెళ్లాను.

"గుర్తు తప్పుంటే వదిలేసి ఎలా ఊరుకుంటాం మేడం," అన్నారు.

నేను లోపలికి వెళ్లి డెస్కులో చేసే పనే చేశాను. ఏం జరిగిందో వరసగా చెప్పమన్నాను. మాస్టారు గడప దాటారు, బోర్డు దాకా నడిచారు. అప్పుడు పిల్లలు ఏం చేస్తున్నారు? లేచి నిలబడ్డారని ఛైర్మన్ అన్నారు. మాస్టారి కాలు గడప మీద పడక ముందా, తరవాతా? ఎవరూ గమనించలేదు. నియమంలో బాలికలు కూర్చుని ఉండగా అని ఉంది కదా, మరి ఎవరైనా కూర్చుని ఉన్నారా అని అడిగాను.

 దైవసహాయం గారి మొహం వెలిగింది. ఏ సిగ్నలు ముందు పడింది, ఏ బండి తరవాత కదిలింది అన్నది ఆయన జీవితమంతా చేసిన పని. నూకరత్నాన్ని పిలిపించారు.

జయరాజు గారు అడిగారు, మాస్టారు లోపలికి వచ్చేటప్పటికి పిల్లలు కూర్చుని ఉన్నారా అని.

"నేదండి. సార్ కాలు గడప మీద పెట్టగానే లేసిపోయినాం."

"గడప మీదా, దాటాకా?"

"మీదండి."

"నువ్వు బోర్డు వైపు తిరిగి ఉన్నావు. వెనక వాళ్లు లేచారని నీకెలా తెలుసు?"

"బెంచీలు కిర్రుమన్నాయండి."

"మరి నువ్వు?"

"నాను ముందునుంచీ నిలబడే ఉన్నాను కదండి, లెక్క సేస్తూ."

జయరాజు గారు ఓడిపోయే మనిషి కాదు. వెనక గోడ దగ్గర హెడ్మిస్ట్రెస్ గారు కూర్చునే ఉన్నారు, నేను చూశాను అన్నారు. అది నిజమే. నేను లేవలేదు. కమిటీ ఆ విషయం తీసుకుని నేను బాలికనా కాదా అని చర్చించింది. ఒకాయన పత్రంలో వయసు రాయలేదు కదా అన్నాడు. మరొకాయన నా వైపు చూసి, మళ్లీ చూసి, కాదనే అనుకోవచ్చు అన్నాడు. నేను బాలికను కానని చేతులెత్తి తీర్మానించారు. నా సర్వీసు మొత్తంలో కమిటీ నా గురించి ఏకగ్రీవంగా ఒప్పుకున్నది అదొక్కటే.

నియమం మీరలేదని తేలింది. నేను అక్కడితో ఆగిపోతుందనుకున్నాను. దైవసహాయం గారు ఆపలేదు. పిల్లలు నిలబడి ఉన్నంతసేపూ మాస్టారు లోపలుండవచ్చని దీనర్థం కదా అన్నారు. అదే తీర్మానమైంది.

నిలబడ్డ పదో తరగతి

మర్నాడు మాస్టారు కొత్త ఖద్దరు చొక్కాతో వచ్చారు. పిల్లలు లేచారు. ఆయన గడప దాటి లోపలికి వెళ్లి, గోడ వార పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు చెప్పమని, గొంతు విని, మొహం చూసి తల ఊపారు. భారతి దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల ఏడ్చేసింది. ఎందుకని అడిగితే ఇన్నాళ్లూ అర్థమైందని అబద్ధం చెప్పానంది.

పీరియడంతా నిలబడి లెక్కలు చేయడం ఎలాగో పిల్లలే కనిపెట్టారు. ముందు పిల్ల వీపు మీద నోటుబుక్కు పెట్టి వెనక పిల్ల రాసేది. మొదటి వరస వాళ్లకి వీపు లేదు కాబట్టి గోడ వాడుకునేవారు. బీజగణితం అలా గడిచిపోయింది. రేఖాగణితం మొదలైన రోజు కంపాసులు బయటికి తీశారు. వృత్తం గీయాలంటే ముల్లు గుచ్చాలి కదా. వరండా చివర నా గదిలోకి కేకలు వినబడ్డాయి. నేను వెళ్లేసరికి మాస్టారు సర్కిల్స్ పాఠం ఆపేసి, మీరు కూర్చోండమ్మా, నేను బయటికెళ్తానంటున్నారు. పిల్లలు వద్దంటున్నారు.

వాళ్లు వద్దనడం నాకు గుర్తుండిపోయింది. కాళ్లు పీకుతున్నాయి, వీపులు గుచ్చుకున్నాయి, అయినా మాస్టారు లోపల ఉండాలనే అన్నారు. ఈ ఉద్యోగంలో అలాంటి రోజులు ఎక్కువ ఉండవు. వచ్చినప్పుడు గుర్తుపట్టండి.

పైడమ్మ అభ్యంతరం

మమ్మల్ని వ్యతిరేకించింది ఎవరో మేమెవరమూ ఊహించలేదు. నూకరత్నం తల్లి పైడమ్మ చేపలు అమ్ముతుంది. ఒక పొద్దున్న గంపని గేటు దగ్గర దింపి నేరుగా వరండాలోకి వచ్చింది. ఆ రోజు దైవసహాయం గారు కూడా అక్కడే కుర్చీలో ఉన్నారు. పిల్లల్ని నిలబెట్టినందుకు వచ్చిందనుకుని నేను సర్దిచెప్పబోయాను.

"నిలబడితే ఏటవుతాది, నాను రోజంతా నిలబడతాను," అంది. "ఆ మాస్టర్ని బయటికి పంపండి. అందుకొచ్చినాను."

ఎందుకని అడిగాను.

"బయటుంటే అరిసి సెప్పీవోడు. దీనికి బుర్రకెక్కీది. లోపలికొచ్చినాక మెల్లగా సెప్తన్నాడంట. మెల్లగా సెప్పింది దీనికి ఇనబడదు బాబూ, అలల మోతలో పుట్టింది. మా ఇంట్లో అందరం అరుసుకునే మాటాడతాం."

దైవసహాయం గారు పిల్లలకి కష్టమని ఆలోచిస్తున్నాం అన్నారు, మాట మార్చడానికి.

"కట్టం సంగతి నువ్వు సెప్పకు మావా. నువ్వు కూకునే ఉన్నావు," అంది.

ఆమె వెనక ఇంకా కొందరు తల్లులు వచ్చారు. ఫలితాలు వచ్చింది గడప అవతల నుంచే కాబట్టి మాస్టారు గడప అవతలే ఉండాలని వాళ్ల వాదన. లోపలే ఉండాలని పిల్లలు. ఒక బడి ముందు తల్లులూ కూతుళ్లూ ఇలా రెండు పక్షాలుగా నిలబడి, లెక్కల మాస్టారు రెండడుగులు ఇటా అటా అని వాదించుకోవడం నేను పత్రికలో ఉన్నప్పుడు జరిగి ఉంటే మొదటి పేజీకి పంపేదాన్ని. మాస్టారు గొడుగు చంకలో పెట్టుకుని, తనని ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఎవరూ అడగలేదు.

కమిటీ అందరినీ తృప్తిపరిచింది. పీరియడ్‌లో మొదటి సగం మాస్టారు లోపల, పిల్లలు నిలబడి. రెండో సగం మాస్టారు బయట, పిల్లలు కూర్చుని. లోపల మెల్లగా, బయట గట్టిగా. ఆ పద్ధతి మీదే ఆ ఏటి పిల్లలు పబ్లిక్ పరీక్షలు రాశారు. అందరూ పాసయ్యారు. భారతికి నూకరత్నం కంటే నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి. అది అరిచి చెప్పడం వల్లనా, మెల్లగా చెప్పడం వల్లనా అన్నది తల్లులకీ కూతుళ్లకీ ఇంకా తేలలేదు.

ఇప్పటి సంగతి

నేను రిటైరయ్యాను. మొన్న వానాకాలంలో ఒకసారి బడికి వెళ్లాను. పీరియడ్ మధ్యలో గంట కొట్టారు. పిల్లలు కూర్చున్నారు, మాస్టారు బయటికొచ్చి గొడుగు విప్పారు. కొత్త హెడ్మిస్ట్రెస్ ఆ గంటని టైంటేబుల్లో కూడా చేర్చింది.

నియమాన్నే మార్చవచ్చు కదా అని మీరు అడుగుతారు. దానికి కమిటీలోని ఏడుగురు జీవితకాల సభ్యులూ ఒప్పుకోవాలి. ఆరుగురు ఒప్పుకున్నారు. జయరాజు గారు కూడా, ఏదో ఒకటి తేలితే చాలని. ఏడో స్థానం ఖాళీ, ఆ సభ్యుణ్ని మిషను నియమించాలి. మిషను వాళ్లు ఈ జిల్లా వదిలి వెళ్లిపోయి ఎన్నో ఏళ్లయింది. ఏడో సభ్యుడు అక్కర్లేదని రాసుకుందామంటే దానికి ఏడుగురూ ఒప్పుకోవాలి. దైవసహాయం గారు ప్రతి సమావేశంలోనూ ఇది ఆలోచిస్తూనే ఉన్నారు.

ఆ రోజు బస్సు దాకా మాస్టారు నాతో నడిచారు. లోపలికి వెళ్తున్నారు కదా, కోరిక తీరినట్టేనా అని అడిగాను.

"సగం తీరినట్టే మేడం," అన్నారు. "నిలబడ్డ పిల్ల నన్ను చూస్తాది. లెక్క వైపు చూడదు. కూకుని, తలొంచుకుని లెక్క సేస్తుంటేనే ఎక్కడ ఆగిపోయిందో కనబడతాది. వాళ్ల మధ్యన ఒకపాలి నడవాలి."

వచ్చే వేసవికి ఆయన ఉద్యోగం అయిపోతుంది. గోడ వార బెంచీల్లో పిల్లలు కూర్చుని లెక్క చేస్తుండగా ఆయన ఇంతవరకు చూడలేదు.